రోజలీ ఎవరింట్లో ఉండేది

మూడో పళ్ళెం కూడా తిరగేసింది బెర్నడెట్. అడుగున తెల్ల టేపు ముక్క. దాని మీద నల్ల సిరాతో అదే పేరు.

రోజలీ.

నాలుగో పళ్ళెం. రోజలీ. సూపు గిన్నె. రోజలీ. గోడ మీది మేరీమాత పటం దించి వెనక చూసింది. అక్కడా రోజలీయే.

"ఇంకేం మిగిలిందే ఈ ఇంట్లో? పొయ్యి కింద కూడా దూరి చూడనా?"

రోజలీ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. కత్తి ఆగలేదు. "అమ్మ చెప్పింది, నేను రాశాను. అమ్మకి చెయ్యి వణికేది."

"అవును, అమ్మ చెయ్యే వణికింది. నీ చెయ్యి మాత్రం అస్సలు వణకలేదు."

"బెర్నీ, నువ్వు పళ్ళేల కోసం వచ్చావా, ఆ కాగితం ఇవ్వడానికొచ్చావా?"

బెర్నడెట్ పటాన్ని మళ్ళీ మేకుకు తగిలించింది. వంకరగా తగిలించింది. సరిచేయలేదు.

కెట్లర్ బొగ్గు గని వీధుల్లో ముసలివాళ్ళు వీలునామాలు రాయరు. లాయరుకి పోసే డబ్బుతో ఒక చలికాలం గడుస్తుందని వాళ్ళ లెక్క. టేపు ముక్క మీద పేరు రాసి సామాను అడుగున అంటిస్తారు. వాళ్ళు పోయాక పిల్లలు ఒక్కొక్కటీ తిరగేసి చూసుకుంటారు, జుట్లు పట్టుకుంటారు. అది ఇక్కడి ఆచారం. వీళ్ళ అమ్మ ఐరీన్ ఇంకా పోలేదు. ఎనభై ఆరేళ్ళ వయసులో, నది అవతల ముసలాళ్ళ హోమ్‌లో, కిటికీ పక్క మంచం మీద ఉంది. పెద్దకూతురు మాత్రం ఇక్కడ అప్పుడే తిరగేస్తోంది.

పళ్ళేలకి టేపు సరిపోతుంది. ఇంటికి సరిపోదు. ఇంటి కోసం కాచుకుని కూర్చున్నది ప్రభుత్వం.

హోమ్ ఖర్చు ప్రభుత్వమే కడుతోంది. ఐరీన్ కన్నుమూసిన మర్నాడు నుంచీ ఆ కట్టిందంతా ఈ ఇంటి మీద వసూలు చేసుకుంటుంది. గనిలో ముప్ఫై ఏళ్ళు బొగ్గు మసి మింగి చచ్చిన వాళ్ళ నాన్న కట్టిన ఇల్లు ఇది. డబ్బున్నవాడి ఇల్లు ఏ ట్రస్టు కాగితాల్లోనో ముందే దాక్కుంటుంది. దాక్కోవడం తెలియనివాడిదే దొరుకుతుంది.

తప్పించుకోవడానికి చట్టంలో ఒకే ఒక సందు ఉంది. కన్నబిడ్డ ఒకరు రెండేళ్ళకి తక్కువ కాకుండా ఆ ఇంట్లోనే ఉండి, తల్లిని చూసుకుని, హోమ్‌కి పోకుండా అంతకాలం ఆపి ఉంటే, ఇల్లు ఆ బిడ్డ పేర రాయవచ్చు. ప్రభుత్వం ముట్టుకోదు. రోజలీ రెండేళ్ళు కాదు, నాలుగేళ్ళు చూసింది. ఒళ్ళు తుడిచింది, దుప్పట్లు మార్చింది, రాత్రి కింద పడితే ఎత్తి పడుకోబెట్టింది. పోయిన నెల తల్లికి మనసు తేటగా ఉన్న ఒక పూట చూసి దస్తావేజు మీద సంతకం కూడా అయింది. ఇక రుజువు చూపాలి. రేపు శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు లోపల.

కాగితాలన్నిట్లో రోజలీ చిరునామా ఈ ఇల్లు కాదు. బెర్నడెట్ ఇల్లు.

"సంతకం పెట్టనని అన్నానా నేను?" అంది బెర్నడెట్. "సగం నాదని రాసివ్వు. ఈ బల్ల మీదే పెడతాను."

"వారం నుంచీ చెబుతున్నాను. అలాంటి రాత ఒకటి బయటపడిందంటే అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి ఆడిన నాటకం అంటారట. ఏ రాతా వద్దంది లాయరమ్మ."

"లాయరమ్మ వద్దంది. నువ్వూ వద్దన్నావు. ఎంత బాగా కలిసింది!"

"నన్ను నమ్మవే. ఇల్లు నిలబడ్డాక చూసుకుందాం."

"నమ్మడమా?" బెర్నడెట్ పళ్ళెం ఎత్తి అడుగు చూపించింది. "ఇదిగో, పన్నెండింటికి పన్నెండూ నమ్మాను."

రోజలీ కత్తి బల్ల మీద పెట్టింది. "నేను ఇక్కడుంటే కాగితం మీద మీ ఇల్లు ఎందుకుందో అది కూడా గుర్తు చేసుకో. ఎవరి తెలివి అది?"

బెర్నడెట్ పళ్ళెం కింద పెట్టింది. తెలివి ఆమెదే.

భర్తతో తెగతెంపులై రోజలీ తల్లి దగ్గరికి వచ్చిన ఏడు, ఇదే బల్ల దగ్గర కూర్చుని బెర్నడెట్ చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకునే గ్యాసుకి ప్రభుత్వమిచ్చే సాయానికి దరఖాస్తు నింపింది. ఇంట్లో సంపాదించే మనిషి ఇంకొకరుంటే ఆ సాయం రాదు. రోజలీ చవక సరుకుల దుకాణంలో పని చేసేది. అందుకని బెర్నడెట్ తన చేతిరాతతో రాసింది: 'ఐరీన్ హుద్రాక్ ఒంటరిగా ఉంటుంది.' రోజలీ డ్రైవింగు లైసెన్సు, ఓటు, పన్ను కాగితం, అన్నీ తన ఇంటి చిరునామాకి మార్పించింది. గది వెచ్చగా ఉండడానికి ఒక అబద్ధం. అది రాసుకున్న రోజు ముగ్గురూ నవ్వుకుంటూ కాఫీ తాగారు.

ఇప్పుడు ఇంటి వ్యవహారం చూసే ఆఫీసు అంటోంది: మీరు రాసిందేగా? అదే నిజం. మీ అమ్మ ఒంటరిగానే ఉంది.

పక్కింటి లియో ముసలాయన, డాక్టరు, ఇద్దరూ రోజలీ తరఫున ఉత్తరాలు ఇచ్చారు. చాలవంది లాయరమ్మ. ఏ ఇంటి చిరునామా ఉందో ఆ ఇంటావిడే ప్రమాణం చేసి చెప్పాలి, ఈమె మా ఇంట్లో ఎప్పుడూ ఉండలేదని. చెప్పాలంటే దరఖాస్తులో అబద్ధం రాసింది ఎవరో కూడా చెప్పాలి. బెర్నడెట్ ఇరవై ఆరేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. సర్కారు జీతం. అబద్ధం బయటపడితే ఉద్యోగానికీ పింఛనుకీ ముప్పు.

ఆ ప్రమాణపత్రం పోయిన శనివారం ఈ బల్ల మీద నుంచే ఆమె చేతిసంచీలోకి వెళ్ళింది. ఇంకా అక్కడే ఉంది.

"దుంపలు అయ్యాయా?" అంది చివరికి. "చర్చిలో మనకోసం చూస్తుంటారు. నీ కారు మంచులో కూరుకుపోయింది. నా దాంట్లో పద."

ఇద్దరూ ఒకే కారులో వెళ్ళారు. రెండు మైళ్ళు. మధ్యలో ఒకసారి రోజలీ ఒళ్ళో బకెట్టు జారబోతే బెర్నడెట్ ఒక చేత్తో పట్టుకుంది. పట్టుకుని, వెంటనే వదిలేసింది.

* * *

చర్చి కింద వంటగదిలో ఉడికిన దుంపల ఆవిరి. మంచు పడి స్కూళ్ళు మూసేశారు, పిరోహీల పని మాత్రం ఆగలేదు. ఉపవాసాల నెలలో శుక్రవారం మాంసం ముట్టరు కనుక వీధులన్నీ వచ్చి ఇక్కడే కొనుక్కుంటాయి. ఆ డబ్బుతోనే చర్చి పైకప్పు నిలబడుతోంది. పలచటి పిండి బిళ్ళలో దుంప, జున్ను ముద్ద పెట్టి, కజ్జికాయలా మడిచి అంచు నొక్కాలి. అంచు విడిందంటే మరిగే నీళ్ళలో అంతా గంజి.

పదిహేనుమంది ఆడవాళ్ళు. అందరి మీదా పెద్ద వెరోనా, వీధంతటికీ బాబా, అంటే అవ్వ. తొంభై ఒక్క ఏళ్ళు. ఆమె మాట్లాడితే రోలు పగులుతుంది.

"వచ్చారా రాజకుమార్తెలు! చేతులు కడుక్కోండి. బెర్నీ, ఆ ఉంగరం తియ్యి. నీ వజ్రం కొరికి ఎవరి పన్నైనా విరిగితే దావా నా మీద వేస్తారు."

"వజ్రం కాదు బాబా, గాజు."

"మీ ఆయన నీకు అలాగే చెప్పాడా? మంచిది. నిజమే చెప్పాడు."

నవ్వులు. రోజలీ కూడా నవ్వింది. బెర్నడెట్ ఆ నవ్వు మాత్రమే విడిగా విన్నది.

పని సాగింది. వెరోనా బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరి పిరోహీనీ వేలితో నొక్కి చూస్తోంది. రోజలీ పళ్ళెం దగ్గర ఆగింది. ఒకటి అరచేతిలోకి తీసుకుంది. మూడువేళ్ళ నొక్కు, చివర చిన్న మెలిక.

"చూడండే. ఐరీన్ చెయ్యి. అచ్చం ఐరీన్ చెయ్యే. అది హోమ్‌లో పడుకుంది గాని దాని వేళ్ళు ఇక్కడే ఉన్నాయి."

"ఆ మెలిక నాకెప్పుడూ రాలేదు," అంది డోలరెస్, పిండి ఒత్తే ఆవిడ. "ఎప్పుడు నేర్పింది నీకు?"

"ఈ నాలుగేళ్ళలో. చలికాలం సాయంత్రాలు ఊసుపోక చేసేవాళ్ళం. నాకు రాకపోతే నా వేళ్ళ మీద కొట్టేది."

బెర్నడెట్ తన పళ్ళెంలోకి చూసుకుంది. ఫోర్కు పళ్ళతో నొక్కిన అంచులు. తిన్నగా, బాగానే ఉన్నాయి. విడిపోవు. తల్లి ఆమె వేళ్ళ మీద ఎప్పుడూ కొట్టలేదు. ఆమె ఆదివారం పదకొండింటికి సూపు తెచ్చేది, ఒంటిగంటకి వెళ్ళిపోయేది. అతిథిని ఎవరు కొడతారు?

"నీదీ బాగానే ఉందిలే," అంది వెరోనా, ఆమె పళ్ళెం దాటిపోతూ.

'బాగానే' అన్న ఆ మాట బెర్నడెట్ గొంతులో చేపముల్లులా దిగింది.

డోలరెస్ ఇంటి సంగతి ఎత్తింది. ఎత్తకుండా ఉండగలిగితే అది గని వీధే కాదు. "రేపేనటగా ఆఖరు? ఇల్లు నిలబడుతుందా రోజీ?"

"నిలబడాలి," అంది రోజలీ. తల ఎత్తలేదు.

"మా తమ్ముడి ఇల్లు తెలుసుగా," అంది వెరోనా. "వాడు పోయిన పదో రోజున ఉత్తరం వచ్చింది. సమాధి మీద పూలు ఇంకా వాడలేదు. వాడి కొడుకు మెట్ల మీద కూర్చుని చదివి, మళ్ళీ చదివి, నన్నడిగాడు, అత్తా వీళ్ళకి ఇల్లెందుకు, వీళ్ళెక్కడ పడుకుంటారు ఇక్కడ అని. అమ్మేశారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ లేరు. కిటికీలకి చెక్కలు కొట్టి ఉన్నాయి. మనుషుల్ని వెళ్ళగొట్టి ఎలుకలకిచ్చారు. చట్టమట!"

"మాకట్లా కాదు," అంది రోజలీ. "నేను ఉన్నాను కదా ఇంట్లో. నాలుగేళ్ళు."

బెర్నడెట్ చేతిలో పిరోహీ నలిగిపోయింది.

"ఏ ఇంట్లో?"

అందరి చేతులూ ఆగాయి.

"ఏ ఇంట్లో ఉన్నావే? నీ లైసెన్సు తీసి చూపించు అందరికీ. ఎవరి వీధి రాసుందో చదవమను. నువ్వు మా ఇంట్లో ఉన్నావు. కాగితం అంటోంది, నేను కాదు!"

రోజలీ మొహం పిండిలా తెల్లబోయింది. "బెర్నీ, ఏం మాట్లాడుతున్నావు? ఇంతమందిలో..."

"నిజమే మాట్లాడుతున్నాను. ప్రభుత్వం నిజం."

"ఒసే నీ నోట్లో సున్నం పడ!" వెరోనా చేతిలోని గరిటె బల్ల మీద కొట్టింది. "నాలుగు చలికాలాలు ఐరీన్ గుమ్మం ముందు మంచు తవ్విందెవరు? తవ్విన చోటు ఎవరూ ఆక్రమించకుండా వంటింటి కుర్చీ రోడ్డు మీద వేసిందెవరు? దయ్యమా? ఆ కుర్చీని వీధంతా చూసింది. నువ్వూ చూశావు. ఆదివారం నీ కారు పెట్టుకోవడానికి ఆ కుర్చీ తీసిందే నీ చెల్లెలు!"

"వీధి చూస్తే ఆఫీసుకేం బాబా?"

"నీ సంగతి చెప్పనా? నీ ఒక కన్ను పోయినా ఫర్వాలేదు, దాని రెండు కళ్ళూ పోవాలి. ఇల్లు సర్కారుకి పోతే నీకు చిల్లిగవ్వ రాదు. తెలుసు. అయినా నీకు నిద్ర పడుతుంది. దానికి రాలేదని."



రోజలీ ఏప్రను విప్పింది. మడిచింది. బల్ల మీద పెట్టింది. "నేను నడిచి వెళ్తాను," అంది.

మంచులో రెండు మైళ్ళు. ఎవరూ ఆపలేదు. బెర్నడెట్ కూడా.

* * *

హోమ్‌లో ఐరీన్ కిటికీ వైపు తిరిగి కుర్చీలో ఉంది. ఎవరో జుట్టు దువ్వారు గాని పాపిడి తప్పువైపు తీశారు.

బెర్నడెట్ ఒకే ప్రశ్న అడగడానికి వచ్చింది. దారంతా అదే నూరుకుంటూ వచ్చింది. అమ్మా, నాకేం రాశావు? ఒక గరిటైనా, ఒక దిండుగలీబైనా, నా పేరు పెట్టి ఏం ఉంచావు?

"రోజీ," అంది తల్లి, ఆమెని చూడగానే.

బెర్నడెట్ నోరు తెరిచింది. నేను బెర్నీని అనబోయింది. అనలేదు. కోటు విప్పకుండానే మంచం అంచున కూర్చుంది.

"రోజీ, ఆదివారానికి ఇంకా ఎన్నాళ్ళుంది?"

"మూడు రోజులు."

"అంత దూరమా!" ముసలామె చేతివేళ్ళు దుప్పటి మీద లెక్క పెట్టాయి. "నా నీలం స్వెట్టరు ఉతికావా? ఆదివారం బెర్నీ వస్తుంది. పోయినసారి మాసిందే వేశావు నాకు. చూసి ఏమనుకుందో."

"ఏమీ అనుకోలేదు."

"నీకేం తెలుసు. అది చెప్పదు. మంచిది. బస్సునిండా పిల్లల్ని వేసుకుని మంచులో పోతుంది, నేను ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చుంటాను. సూపులో ఉప్పు వెయ్యదు, నేను ఉప్పు వేసుకుంటే చూడనట్టు అటు తిరుగుతుంది." నవ్వింది. పళ్ళు లేని నవ్వు. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు మొహం మాడ్చుకోకు మళ్ళీ. పొద్దున లేస్తే బెర్నీ, బెర్నీ అంటున్నానని అలుగుతావు. నువ్వు ఎప్పుడూ ఇక్కడే ఉంటావు కదే. ఉన్నదాని కోసం ఎవరైనా ఎదురుచూస్తారా?"

బెర్నడెట్ దుప్పటి అంచు సరిచేసింది.

"అలగొద్దనే కదా పళ్ళేలన్నీ నీవే అన్నాను. రాసుకున్నావుగా? ఇంకా ఏడుపెందుకు? వెళ్ళు, కిటికీ తెర పక్కకి తియ్యి. రోడ్డు కనిపించాలి."

బెర్నడెట్ లేచి తెర పక్కకి తీసింది. రోడ్డు కనిపించలేదు, హోమ్ వెనక చెత్తడబ్బాలు కనిపించాయి. ముసలామెకి మాత్రం కనిపించింది.

బయటికి వచ్చి కారులో కూర్చుంది. ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. నవ్వు వచ్చింది. సిగ్గులేని నవ్వు. యాభై నాలుగేళ్ళ కిందట ఆ పిల్ల ఊయలలోకి వచ్చిన రోజు నుంచీ ఓడిపోతున్నాననుకున్న ఆటలో తనే గెలుస్తూ వచ్చింది. ఎవరూ చెప్పలేదు.

గెలిచినవాళ్ళకి దానం సులువు.

నది ఇవతల, కార్లకి నంబరు పలకలు ఇచ్చే దుకాణంలోనే నోటరీ కూడా. బెర్నడెట్ సంచీలోంచి ప్రమాణపత్రం తీసింది. నలిగిన చోట అరచేత్తో సాపు చేసింది. ఖాళీగా ఉన్న నాలుగు గీతల మీద పెద్ద అక్షరాలతో రాసింది: 'నా చెల్లెలు రోజలీ ఒక్కరోజు కూడా మా ఇంట్లో ఉండలేదు. మా అమ్మ ఇంట్లో ఉండి అమ్మని చూసుకుంది. గ్యాసు సాయం దరఖాస్తులో అమ్మ ఒంటరిగా ఉంటుందని అబద్ధం రాసింది నేను.'

"ఇది చదివే సంతకం పెడుతున్నారా మేడమ్?" అన్నాడు నోటరీ. ఆయన కూతుళ్ళిద్దరూ ఆమె బస్సులోనే స్కూలుకి వెళ్ళారు.

"రాసిందే నేను. మళ్ళీ చదవడమెందుకు? ముద్ర వెయ్యి."

ముద్ర పడింది.

* * *

రోజలీ వంటింట్లో ఉంది. బూట్లు ఇంకా తడి. గోడమీది ఫోను పక్కన, చేతిలో ఒక చీటీ.

బెర్నడెట్ తలుపు తెరుచుకుని లోపలికి వచ్చింది. చలికి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. కాగితం ఇచ్చేస్తే అయిపోయేది. బల్ల మీద పెట్టి, కెటిల్ పొయ్యి మీద పెట్టి కూర్చుంటే సరిపోయేది. కానీ గెలిచిన మనిషి ముందు గెలుపు చెప్పాలి.

"అమ్మ దగ్గర్నుంచి వస్తున్నాను."

"ఊఁ."

"నన్ను చూసి నువ్వనుకుంది. అంతా చెప్పింది." కుర్చీ లాక్కుంది. "నాలుగేళ్ళూ నాకోసమే చూసిందటగా. ఆదివారం ఎప్పుడొస్తుందని. నీలం స్వెట్టరట."

రోజలీ చీటీ మీద నుంచి చూపు ఎత్తలేదు. "నీలందే. శుక్రవారం నుంచే తీసి పెట్టమనేది. శనివారం రాత్రి జుట్టుకి క్లిప్పులు పెట్టించుకునేది. నువ్వు వెళ్ళిపోయాక సోమవారం మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడేది కాదు."

బెర్నడెట్ నవ్వు ఆగింది. "నీకు తెలుసా?"

"ఎవరు దువ్వారనుకున్నావు ఆ జుట్టు?"

"తెలిసీ నాకొక్క మాట చెప్పలేదా? నాలుగేళ్ళు? రెండువందల ఆదివారాలు వచ్చాను. గుమ్మంలో కాళ్ళు తుడుచుకుని, ఈవిడకి నేనేమీ కానని అనుకుంటూ సూపు పోసి వెళ్ళాను. నువ్వు పక్కనే నిలబడి చూశావు."

"చూశాను."

"ఎందుకు చెప్పలేదే?"

రోజలీ అప్పుడు తలెత్తింది. "నీకు మొగుడున్నాడు. పింఛను వస్తుంది. ఇల్లుంది. అమ్మ కూడా నీదేనని ఎలా చెప్పను? నా దగ్గర ఒక్కటే ఉంది బెర్నీ, నీకది తెలియకపోవడం. అదీ ఇచ్చేయమంటావా?"

బెర్నడెట్ చెయ్యి సంచీలోకి వెళ్ళింది. కాగితం తగిలింది. ముద్ర ఉబ్బెత్తుగా వేలికి తెలుస్తోంది. బయటికి తీయలేదు.

"నా తల్లిని దాచిపెట్టుకున్నావు," అంది. "దాచిపెట్టుకుని, ఇల్లు కూడా ఇమ్మంటున్నావు."

"నిన్ను ఇమ్మనడం అయిపోయింది." రోజలీ ఫోను అందుకుంది. "చర్చిలో అంతమంది ముందు నువ్వన్న మాట చాలు. నీ ప్రమాణం నాకొద్దు. ఆ గ్యాసు సాయం ఆఫీసుకే చెబుతాను. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, దరఖాస్తు అబద్ధం, విచారణ చేసుకోండి అని. వాళ్ళు రాసుకున్నదే నాకు రుజువు. ఇల్లు నిలబడుతుంది."

"ఆ దరఖాస్తు ఎవరి రాతో తెలుసుగా నీకు."

"తెలుసు. అడిగితే అదీ చెబుతాను."

బెర్నడెట్ లేచి నిలబడింది. ఒక్క అంగ. బల్ల మీద కాగితం పడేస్తే ఆ ఫోను మోగనక్కర్లేదు. లాయరమ్మ చేతికి వెళ్ళే కాగితం వేరు. చెల్లెలే అక్కని అధికారులకి పట్టించే ఫోను వేరు. మొదటిది తను చేసిన పని. రెండోది తన మీద జరిగే పని. ఒక్క మాట చాలు. 'సంతకం పెట్టానే.' ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది.

కానీ ముందు చూడాలనిపించింది. నిజంగా చేస్తుందా? తన అక్కని, తల్లి నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషిని, ఇది నిజంగా అమ్ముకుంటుందా?

రోజలీ చీటీ చూసి ఒక్కో అంకె నొక్కింది. వేలు వణికింది. చివరి అంకె దగ్గర ఆగి అక్క వైపు చూసింది. ఒక క్షణం కాదు, చాలాసేపు. ఏదైనా అను అన్నట్టుగా చూసింది.

బెర్నడెట్ సంచీ జిప్పు మూసేసింది.

రోజలీ చివరి అంకె నొక్కింది. అవతల మోగింది. రెండోసారి మోగుతుండగానే ఎవరో ఎత్తారు.

"హలో, గ్యాసు సాయం విభాగం. ఎవరి గురించి?"

"మా అక్క గురించి," అంది రోజలీ.